తల్లి పిల్లి, పాలు మానని కూనలు
– ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, ద్వితీయ సంవత్సరం



పిసినారిని "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటాం. ఎటూ తేల్చని మనిషిని "గోడ మీద పిల్లి" అంటాం. కుదురు లేకుండా ఇళ్లు మారేవాళ్లను చూసి "పిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పినట్టు" అంటాం. పరీక్షకు బయలుదేరినప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి నీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాళ్లు మన హాస్టల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇన్ని మాటల్లో పిల్లిని వాడుకునే మనం, నిజంగా ఒక పిల్లి కూనలతో వచ్చి మన మధ్య కాపురం పెడితే మాత్రం రెండే పనులు చేస్తాం. ఒకటి, గిన్నెలో ఆవుపాలు పోస్తాం. రెండు, గోనెసంచి వెతుకుతాం. ఈ రెండూ సరైనవి కావు. మరి సరైనది ఏమిటి? పుస్తకాల్లో చదివినదీ, ఈ ఏడాది మన హాస్టల్లో చేసి చూసినదీ కలిపి ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

సందర్భం

మార్చి మొదటి వారంలో సరుకుల గది వెనుక, పాత ట్రంకు పెట్టెలు పేర్చిన మూలలో ఒక తల్లి పిల్లి, మూడు కూనలు కనిపించాయి. బియ్యం బస్తాల దగ్గర ఎలుకలు ఉన్నాయి కాబట్టి పిల్లి రావడంలో వింత లేదు. అయితే కొందరు విద్యార్థినులు భయపడ్డారు. విషయం వార్డెన్ మేడమ్ దాకా వెళ్లింది. వాటిని సంచిలో వేసి ఊరి బయట చెరువు దగ్గర వదిలి రావాలని అనుకున్నారు. "ఏ పిల్లకైనా ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది నేను" అన్నారు మేడమ్. ఆ మాటలో న్యాయం ఉంది. వంద మందికి పైగా ఉండే చోట బాధ్యత ఆమెది.

పీజీ గదిలో ఉండే మేము నలుగురం మేడమ్‌కు ఒక వినతి పత్రం రాసుకున్నాం. దయ చూపించమని అందులో రాయలేదు. ఏ రోజున ఏ పని చేస్తామో, ఎవరు చేస్తారో, వేసవి సెలవులకు హాస్టల్ మూసే లోపు ఎలా ముగిస్తామో రాశాం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా ఒక జంతువును ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితుల్లో వదిలేయడం కూడా హింస కిందికే వస్తుందని రాశాం. ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగంలోని 51-ఎ(జి) అధికరణం చెబుతుందని కూడా రాశాం. 1976లో 42వ సవరణతో చేరిన అధికరణం అది. పోటీ పరీక్షలకు చదివే చెల్లెళ్లకు ఇది ఎలాగూ అవసరమే. మేడమ్ చదివి, రెండు షరతులు పెట్టారు. వంటగదిలోకి పిల్లి రాకూడదు. ఎవరికి గీరినా అదే రోజు తనకు చెప్పాలి. రెండింటికీ ఒప్పుకున్నాం.

మనిషి దగ్గరికి పిల్లి ఎలా వచ్చింది?

ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో తిరిగే ఒక రకం అడవి పిల్లి. మనిషి వ్యవసాయం నేర్చి ధాన్యం నిలవ చేయడం మొదలుపెట్టగానే ఎలుకలు వచ్చాయి. ఎలుకల వెంట పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టిన ఆనవాలు దొరికిందని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కుక్కను మనిషి పనికి పెట్టుకున్నాడు. పిల్లి తన పని తాను చూసుకుంటూ మన గాదె దగ్గర ఉండిపోయింది. మన సరుకుల గదికి వచ్చిన పిల్లి కూడా ఆ పాత దారినే వచ్చింది.

మొదటి పని: కూనల వయసు కట్టడం

కూనల వయసు తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా పొరపాటు జరుగుతుంది. పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములు. 7 నుంచి 14 రోజుల్లో కళ్లు తెరుస్తుంది. మూడో వారంలో ముందు పళ్లు కనిపిస్తాయి. నాలుగో వారంలో తడబడుతూ నడిచి, తల్లి తినేదాన్ని వాసన చూస్తుంది. ఆరో వారానికి పాలపళ్లు దాదాపు అన్నీ వస్తాయి. మొత్తం 26 పాలపళ్లు. పుట్టుకతో నీలంగా ఉండే కళ్లు ఆరు, ఎనిమిది వారాల మధ్య అసలు రంగుకు తిరుగుతాయి.

మన కూనలు పరుగెత్తుతున్నాయి, ఒకదాని మీద ఒకటి దూకుతున్నాయి, పళ్లన్నీ ఉన్నాయి. అంటే సుమారు ఆరు వారాలు. ఒక ప్లాస్టిక్ టబ్బులో పాత తువ్వాలు పరిచి, వంటగది సామానుకు సంబంధం లేని చిన్న కాంటా మీద తూచాం. రెండు కూనలు 610, 590 గ్రాములు తూగాయి. మూడోది 430 గ్రాములే ఉంది.

చెల్లెళ్లు వాటికి పేర్లు పెట్టారు. భోజనం గంట కొట్టగానే ముందు వచ్చేది "బెల్లు". ఎప్పుడు చూసినా నోరు ఆడించేది "టిఫిన్". అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే మూడోది "స్కాలర్‌షిప్". తల్లిని మాత్రం అందరూ తల్లి అనే పిలిచారు.

తినగలదు, కానీ ఇంకా తాగుతుంది

ఆరు నుంచి పది వారాల వయసు చిత్రమైనది. కూన సొంతంగా తినగలదు. అయినా తల్లి దగ్గర పాలు తాగుతూనే ఉంటుంది. "తింటున్నాయి కదా, ఇక తల్లి ఎందుకు, పంచేద్దాం" అనే మాట ఇక్కడే వస్తుంది. మన హాస్టల్లోనూ వచ్చింది. ఆరో వారంలోనే ఒక కూనను ఊరికి తీసుకెళ్తామని ఇద్దరు చెల్లెళ్లు అడిగారు.

కాదని చెప్పడానికి కారణాలు ఉన్నాయి. పాలు ఈ వయసులో సగం ఆహారం, సగం బడి. తల్లి నోట కరుచుకొచ్చినదాన్ని చూసి ఏది తినాలో కూన నేర్చుకుంటుంది. ఇసుకలో గొయ్యి తీసి మలం కప్పడం తల్లిని చూసి అలవాటు చేసుకుంటుంది. 1969లో ఫిలిస్ చెస్లర్ అనే శాస్త్రవేత్త "సైన్స్" పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. మీట నొక్కి తిండి తెచ్చుకోవడాన్ని తల్లి చేస్తుండగా చూసిన కూనలు, కొత్త పిల్లి చేస్తుండగా చూసిన కూనల కన్నా త్వరగా నేర్చుకున్నాయి. ఎవరూ చూపించని కూనలు నేర్చుకోలేదు.

ఇంకొకటి, కరవడం, గీరడం ఎంత గట్టిగా చేయవచ్చో కూన నేర్చేది కూడా తల్లి, తోబుట్టువుల దగ్గరే. గట్టిగా కరిస్తే తల్లి ఒక దెబ్బ వేస్తుంది, తోబుట్టువు ఆట మానేస్తుంది. ఫిన్లాండు శాస్త్రవేత్తలు దాదాపు 6 వేల పిల్లుల వివరాలు పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. ఎనిమిది వారాలు నిండక ముందే తల్లికి దూరమైన పిల్లుల్లో కోపం, దూకుడు ఎక్కువగా కనిపించాయి. 14 వారాల దాకా తల్లితో ఉంచడం మంచిదని వారు సూచించారు. అంటే ఆరో వారంలో మనం ముద్దుగా ఇచ్చే కూన, రేపు ఆ ఇంట్లో పిల్లలను గీరే పిల్లి కావచ్చు. అప్పుడు ఆ ఇంటివాళ్లు దాన్ని వీధిలో వదిలేస్తారు. వీధిలో మరో గోనెసంచి ఎదురుచూస్తుంది.

ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పదకొండేళ్లకు వచ్చినవాళ్లమూ ఉన్నాం. మనకు కనీసం ఎందుకు పంపుతున్నారో చెప్పి పంపారు.

తల్లికి ముందు, కూనలకు తర్వాత

కూనలు ముద్దుగా ఉంటాయి కాబట్టి అందరూ వాటికే పెడతారు. నిజానికి ముందు చూడాల్సింది తల్లిని. పాలిచ్చే పిల్లికి మామూలు కన్నా రెండు మూడు రెట్లు ఆహారం కావాలి. కూనలు పెద్దవయ్యే కొద్దీ పాలు ఎక్కువ లాగుతాయి. మన తల్లికి వెన్నెముక చేతికి తగిలేలా ఉండేది. తల్లికి కడుపు నిండా పెట్టిన పది రోజులకే ఒళ్లు కొంత తేరింది.

పెట్టదగినవి:

1. ఉడికించిన కోడిమాంసం, ఉప్పూ కారం లేకుండా, ఎముకలు తీసి. చికెన్ దుకాణంలో మిగిలే ముక్కలు అడిగి తెచ్చి విడిగా ఉడికించాం.
2. ఉడికిన గుడ్డు.
3. ముళ్లు తీసిన ఉడికించిన చేప.
4. కోడి కార్జం కొద్దిగా, వారానికి ఒకటి రెండుసార్లు. రోజూ పెడితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది.
5. కూనల కోసం అమ్మే తయారీ ఆహారం దొరికితే తల్లికీ అదే మంచిది. దానిలో బలం ఎక్కువ.
6. శుభ్రమైన నీళ్లు, తిండి గిన్నెకు కొంచెం దూరంగా.

పెట్టకూడనివి:

1. ఆవుపాలు, గేదెపాలు. వాటిలోని లాక్టోజ్ అనే చక్కెరను చాలా పిల్లులు అరిగించుకోలేవు. విరేచనాలు పట్టుకుంటాయి. కూనకు విరేచనాలంటే ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదికి వస్తుంది.
2. సాంబారన్నం, కూర కలిపిన అన్నం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి.
3. ఉడికిన కోడి ఎముకలు. అవి సూదుల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.
4. పారాసిటమాల్ మాత్ర. ఇది బాగా గుర్తుంచుకోవాలి. మనకు జ్వరం తగ్గించే ఈ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, పిల్లి చనిపోవడానికి. జాలితో అయినా మన మందు పిల్లికి వేయకూడదు.

పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచవచ్చా అని చాలామంది అడిగారు. పెంచలేం. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తనకు సరిపడా తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. టారిన్ లేకపోతే కంటి తెర పాడై చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధనల్లో తేలింది. క్యారెట్‌లోని కెరోటిన్ నుంచి మనం విటమిన్ ఎ తయారు చేసుకుంటాం. పిల్లికి అదీ సాధ్యం కాదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి.

కూనలకు మెత్తగా నలిపిన కోడిమాంసాన్ని ఉడికించిన నీళ్లతో కలిపి, వెడల్పాటి మూతలో రోజుకు నాలుగుసార్లు పెట్టాం. ఇక్కడే స్కాలర్‌షిప్ సంగతి బయటపడింది. వారానికి ఒక్కో కూన సుమారు 100 గ్రాములు పెరగాలి. బెల్లు, టిఫిన్ పెరిగాయి. ఇది మూడు రోజులు అక్కడే నిలిచింది. గమనిస్తే, పెద్ద రెండూ ముందే వచ్చి తల్లి దగ్గర పాలూ, మూతలో తిండీ ఖాళీ చేస్తున్నాయి. దానికి విడిగా ఒక మూత, విడిగా ఒక వేళ పెట్టాం. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే కడుపులో పురుగులున్నాయని చెప్పి, బరువును బట్టి మందు వేశారు. ఏలికపాముల లార్వాలు తల్లి పాల ద్వారానే కూనలకు చేరతాయట. అందుకే తల్లికీ అదే రోజు మందు వేశారు. ఒక్క కూనకు వేసి ఊరుకుంటే ఉపయోగం లేదు. ఎనిమిదో వారానికి స్కాలర్‌షిప్ 700 గ్రాములు దాటింది. ఆలస్యంగానైనా వచ్చింది అన్నారు చెల్లెళ్లు.

తల్లికి ఒక ఎత్తు చోటు

ఏడో వారంలో ఒక చెల్లి ఏడుస్తూ వచ్చింది. "అక్కా, తల్లి కూనల్ని కొడుతోంది, దానికి ఇక ప్రేమ లేదు" అంది. ఇది ప్రేమ లేకపోవడం కాదు. కూనలకు పళ్లు వచ్చాయి, గోళ్లు వచ్చాయి. పాలు తాగేటప్పుడు తల్లికి నొప్పి పుడుతుంది. అందుకే తల్లి లేచి వెళ్లిపోతుంది, బుస కొడుతుంది, కాలితో తోస్తుంది. పాలు మాన్పించడం అలాగే మొదలవుతుంది. మనం మధ్యలో దూరి కూనల్ని తెచ్చి పొదుగుకు ఆనించకూడదు.

మనం చేయాల్సింది, తల్లికి కూనలు ఎక్కలేని ఒక చోటు ఏర్పాటు చేయడం. మూడు ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన పాత దుప్పటి పరిచాం. తల్లి అక్కడికి ఎక్కి పడుకుని కూనల్ని చూస్తూ ఉండేది. ఇష్టమైనప్పుడు దిగి పాలిచ్చేది. క్రమంగా దిగడం తగ్గింది, కూనలు మూత దగ్గరికి రావడం పెరిగింది. తొమ్మిదో వారానికి రాత్రిపూట ఒకసారి తప్ప పాలు లేవు.

ఈ రోజుల్లో తల్లి పొదుగును గమనించాలి. ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉండి ముట్టుకుంటే అరిస్తే పొదుగు వాపు వచ్చిందని గుర్తు. వెంటనే పశువైద్యుడికి చూపించాలి. కూనల్లో ఏదైనా తినడం మానేసినా, వాంతులూ రక్త విరేచనాలూ అయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

కూనల్ని చేతుల్లోకి తీసుకునే పద్ధతి కూడా ఉంది. మార్జాల కిశోర న్యాయం అనే మాట మీరు వినే ఉంటారు. తల్లి పిల్లి మెడ పట్టుకుని మోస్తుంటే కూన ఏ ప్రయత్నమూ లేకుండా వేలాడుతుంది, భక్తుడు అలా భగవంతుడికి తనను వదిలేయాలని శ్రీవైష్ణవులు చెప్పే పోలిక. ఆ పోలిక పసికూనకు సరిపోతుంది. ఎనిమిది వారాల కూనను మనం మెడ పట్టి ఎత్తకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనుక కాళ్ల కింద పెట్టి ఎత్తాలి. బెదిరే కూనకు ముందు తిండి పెట్టి కాస్త దూరంగా కూర్చోవాలి. దాని వంక చూసి కళ్లు మెల్లగా మూసి తెరవాలి. ఇలా చేసే మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రచురించారు. మన హాస్టల్లో అందరూ ఒకరినొకరు చూసి కళ్లు మూసి తెరవడం కొన్నాళ్లు ఆటగా సాగింది.

శుభ్రత

వెడల్పాటి పాత బేసిన్‌లో ఇసుక పోసి తిండికి దూరంగా పెట్టాం. మలాన్ని రోజూ తీసి గొయ్యిలో పూడ్చాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. అది బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. గర్భిణులు ఈ పని చేయకూడదు. చేసినవాళ్లు సబ్బుతో చేతులు కడగాలి. సరుకుల గదిలో ఎలుకల మందు పెడుతుంటే ముందుగా చెప్పాలి. మందు తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చనిపోవచ్చు.

గీరితే దాచవద్దు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మార్చి మూడో వారంలో ఇంటర్ మొదటి సంవత్సరం చెల్లి ఒకామె చేతికి చున్నీ చుట్టుకుని తిరుగుతోంది. అడిగితే జారిపడ్డానంది. గదిలోకి పిలిచి మళ్లీ అడిగితే చెప్పింది. ముందు రోజు సాయంత్రం కూనను ఎత్తబోతే తల్లి గీరింది. రక్తం వచ్చింది. "చెప్తే దాన్ని సంచిలేసి పారేస్తరని చెప్పలేదక్కా" అంది.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బయటపడక ముందు టీకా వేయించుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. ఈ రెంటి మధ్య ఉన్న గడువును ఆ చెల్లి ఒక పిల్లి కోసం ఖర్చు పెడుతోంది. వెంటనే మేడమ్‌కు చెప్పాం. మేడమ్ స్వయంగా ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. వచ్చాక అందరినీ హాలులో కూర్చోబెట్టి, "గీరిందని చెప్పినందుకు ఏ పిల్లినీ పారేయం. చెప్పకపోతేనే నాకు కోపం వస్తుంది" అన్నారు. ఆ తర్వాత ఇద్దరు చిన్న గీతలతో వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారు. శిక్ష భయం ఉన్నచోట జబ్బు దాక్కుంటుందని మేము పుస్తకంలో చదవలేదు, అక్కడ చూశాం.

పిల్లి కరిచినా, గీరినా చేయాల్సినవి:

1. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి. రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది, కానీ చాలదు.
2. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు రాయకూడదు.
3. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమని వైద్యులు చెబుతారు.
4. పిల్లిని పది రోజులు గమనించాలి. అయితే ఆ పది రోజులు అయ్యే దాకా టీకా ఆపకూడదు.
5. నొప్పి తగ్గిందని చివరి టీకా మానకూడదు.

మన చెల్లి నాలుగూ పూర్తి చేసుకుంది. తేదీలు నోటీసు బోర్డు మీద రాసి పెట్టాం.

ఆపరేషన్

కూనలకు ఇళ్లు దొరికితే పని అయిపోయిందని అనుకుంటాం. లెక్క చూడండి. పిల్లి గర్భం తొమ్మిది వారాలు. ఈతకు నాలుగు కూనలు మామూలే. కూనలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ చూలు కట్టవచ్చు. ఆడకూన నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. ఏడాదికి రెండు ఈతలనుకున్నా ఒక్క తల్లికి ఎనిమిది. వాటిలో సగం ఆడవనుకుంటే వచ్చే వార్షికోత్సవానికి సరుకుల గది వెనుక ఎన్ని ఉంటాయో లెక్కల చెల్లెళ్లు చెప్పగలరు. వాటిలో చాలావరకు కూనలుగానే చనిపోతాయి. కాబట్టి ఆపరేషన్ తల్లికి చేసే అన్యాయం కాదు. తల్లి ఒంటికి దొరికే విశ్రాంతి అది.

ఎప్పుడు చేయించాలి? కూనలు సొంతంగా కడుపు నిండా తినడం మొదలుపెట్టి, ఎనిమిది వారాలు దాటాక. తినలేని కూనల తల్లిని తీసుకెళ్లి రోజంతా దూరంగా ఉంచకూడదు. మరీ ఆలస్యం చేసినా మళ్లీ చూలు కడుతుంది. మేము పదో వారంలో తీసుకెళ్లాం. రెండు కూరగాయల ట్రేలను ఎదురెదురుగా కట్టి, మీద చున్నీ కప్పితే బోను తయారైంది. ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో వైద్యుడు చెప్పినట్టే చేశాం. ఆపరేషన్ జరిగిందని దూరం నుంచే తెలిసేలా చెవి కొన కొంచెం కత్తిరించారు. తల్లి తిరిగి వచ్చాక కుట్లు మానే దాకా కూనలను పక్క గదిలో ఉంచాం, పొదుగు దగ్గర కూనలు గీరకుండా. ఈలోగా పాలు వాటంతట అవే ఇంకిపోయాయి.

పశువైద్య కళాశాలలకు అనుబంధంగా బోధనాసుపత్రులు ఉంటాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఈ కళాశాలలు ఉన్నాయి. బైపీసీ చదివే చెల్లెళ్లు వీటి పేర్లు ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోండి. మనలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్లం. డాక్టరంటే మనుషుల డాక్టరే అని మన ఇళ్లలో అనుకుంటారు. గొర్రెలు, బర్రెలు, కోళ్ల మధ్య పెరిగిన మనకు పశువైద్యం దూరపు చదువేమీ కాదు.

ఇళ్లు, సెలవులు

12 వారాలు నిండాక రేబిస్ టీకా వేయించి కూనలను ఇచ్చాం. బెల్లు, టిఫిన్ కలిసి ఒక చెల్లి వాళ్ల ఊళ్లో కిరాణా దుకాణానికి వెళ్లాయి. జంటగా వెళ్తే కొత్త చోట బెంగ తక్కువ. స్కాలర్‌షిప్‌ను పూర్వ విద్యార్థిని అయిన ఒక టీచరక్క తీసుకెళ్లింది. ఇచ్చే ముందు ఇద్దరికీ ఒకే మాట అడిగాం, ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తారా అని. ఒప్పుకున్నాకే ఇచ్చాం. తల్లి మన దగ్గరే ఉంది. సెలవుల్లో వాచ్‌మన్ తాత తిండి పెట్టాడు. అందుకు కావలసిన తిండి ముందే కొని ఇచ్చి వెళ్లాం.

"మీకే సరిపోతలేదు బిడ్డా"

వంట ఆయమ్మ మొదటి రోజే అడిగింది. "మీకే సరిపోతలేదు బిడ్డా, పిల్లులకు ఏడికెల్లి తెస్తరు?" ఇది తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదు. మెస్‌లో వచ్చే గుడ్డు విద్యార్థిని హక్కు. ఆ గుడ్డు పిల్లికి పోకూడదు. అందుకే మెస్ సరుకు ముట్టుకోకూడదని మొదటే నియమం పెట్టుకున్నాం. గదికి కొంత చందా వేసుకున్నాం. ప్రతి పైసా లెక్క రిజిస్టర్‌లో ఉంది, ఎవరైనా చూడవచ్చు. నెల తిరిగేసరికి ఆయమ్మే చికెన్ దుకాణం నుంచి ముక్కలు అడిగి తేవడం మొదలుపెట్టింది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

మనం కూడా ఒకరు వేసిన లెక్కలో, ఒకరు పెట్టిన సంతకంతో చదువుకుంటున్నవాళ్లమే. లెక్క సరిగ్గా ఉంటే తిండి అందుతుంది. లెక్క తప్పితే ముందు పస్తుండేది మాట రానివాళ్లు.

గుర్తుంచుకోవాల్సిన క్రమం

వయసు కట్టండి. తల్లికి కడుపు నిండా పెట్టండి. తల్లికి ఎత్తు చోటు ఇవ్వండి. పాలు మానే దాకా కూనల్ని విడదీయకండి. గీరితే అదే రోజు చెప్పండి. ఎనిమిది వారాలు దాటాక తల్లికి ఆపరేషన్, 12 వారాలకు కూనలకు టీకా, ఆ తర్వాతే కొత్త ఇల్లు.

రిజిస్టర్, కాంటా, రెండు ట్రేలు పీజీ గది అలమరాలో ఉన్నాయి. మేము ఈ ఏడాదితో హాస్టల్ వదిలి వెళ్తున్నాం. తాళం చెవి డిగ్రీ రెండో సంవత్సరం చెల్లెళ్లకు ఇచ్చాం. రిజిస్టర్‌లో తర్వాతి పేజీకి తేదీ వేసి ఖాళీగా ఉంచాం.